శ్వేత రైఫిల్‌కి నేను బిగించిన బారెల్

పాసయ్యాను! డిగ్రీ వచ్చేసింది! మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీలో బ్యాచిలర్స్ డిగ్రీ, అరవై ఆరేళ్ళ వయసులో, మా ఇంటిపేరున్న వాళ్ళందరిలో మొట్టమొదటిది. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ చూస్తే యూనివర్సిటీ నుంచి మెయిల్. మూడుసార్లు చదివినా నమ్మకం కుదరక మా ఆవిడ లక్ష్మి చేత చదివించాను. కళ్ళజోడు సర్దుకుని చదివి, "కంగ్రాట్స్ అని ఉంది కదండీ, ఇంకా ఏం కావాలి, బ్యాండుమేళమా?" అంది. తర్వాత అటు తిరిగి స్వెట్టర్ చేతితో కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మా నాన్న సామర్లకోటలో రైసు మిల్లు బెల్టులు మార్చేవాడు. చదువు మూడో తరగతి. నేను ఐటీఐలో టర్నరు ట్రేడు చేశాను. అక్క స్పాన్సర్ చేస్తే మిషిగన్ వచ్చాను. మొదట కారు విడిభాగాల షాపులో, తర్వాత ఇరవై రెండేళ్ళు ఒక గన్ షాపులో, ఉక్కు చెక్కే లేత్ మిషను మీద పనిచేశాను. వేట రైఫిళ్ళు ఆర్డరు మీద తయారుచేసే చిన్న షాపు అది. నా పని బారెల్, అంటే బుల్లెట్ బయటికొచ్చే ఉక్కు గొట్టం.

సంతోషం పట్టలేక ఫోన్లు మొదలుపెట్టాను. ఇద్దరికి చేశాను. మూడో పేరు కోసం కాంటాక్ట్స్ కిందికి జరుపుతుంటే శ్వేత పేరు కనిపించి వేలు ఆగిపోయింది. ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. మా బాసు మీద, అంతకంటే ఎక్కువ నా మీద. ఆరేళ్ళుగా ఆ అమ్మాయి ఒక తప్పు తనదే అనుకుంటోంది. తనది కాదని నాకు తెలుసు. నేను చెప్పలేదు.

ఆ ఫోన్ చేసే ముందు జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను. మన పిల్లలు కొందరు ఇప్పుడు మెషిన్ షాపుల్లోకి, తుపాకులు చేసే గన్‌స్మిత్ పనిలోకి వస్తున్నారు. వాళ్ళు చదివితే మంచిది. ప్రమోషన్లు, ఏ ఏడు ఏ మిషను కొన్నాం, ఇవేమీ రాయను. వాటివల్ల ఎవరికీ ఒరిగేది లేదు.

ముందు బుల్లెట్, తర్వాతే బారెల్

షాపు పెట్టిన పెద్దాయన పేరు వాల్ట్. నేను చేరిన మొదటి వారంలో ఒకాయన పత్రికలోంచి చింపిన బొమ్మ పట్టుకుని వచ్చాడు. "అచ్చం ఇలాంటి బారెల్ కావాలి" అన్నాడు. వాల్ట్ ఆ బొమ్మ వైపు చూడనైనా చూడలేదు. కౌంటరు మీద చిన్న చెక్క గిన్నె ఒకటి ఉండేది. దాన్ని ముందుకు తోశాడు.

"నువ్వు కాల్చే బుల్లెట్ ఇందులో వెయ్యి."

"ఇంకా కొనలేదు."

"అయితే బారెల్ కూడా ఇంకా కొనలేదు నువ్వు. వెళ్ళి రా."

ఆయన అలిగి వెళ్ళిపోయాడు. రెండు వారాల తర్వాత బుల్లెట్ల డబ్బాతో తిరిగి వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో నేను నేర్చుకున్న దాంట్లో సగం ఆ చెక్క గిన్నెలోనే ఉంది.

ఎందుకో చెబుతాను. బారెల్ లోపల మరలాగా మెలితిరిగిన గాడులుంటాయి. బుల్లెట్ వాటిని పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగితేనే ముక్కు ముందుకు పెట్టి తిన్నగా పోతుంది. బుల్లెట్ ఒక్క చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాల బారెల్ పడుతుందో దాన్నే ట్విస్ట్ అంటాం. పది ట్విస్ట్ అంటే పది అంగుళాలకి ఒక చుట్టు. ఎనిమిది ట్విస్ట్ అంటే ఎనిమిదికే ఒక చుట్టు, అంటే ఇంకా వేగంగా తిప్పుతుంది. పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలబడుతుంది. పొడుగ్గా సన్నగా ఉన్నదాన్ని గట్టిగా తిప్పకపోతే తూలి పడిపోతుంది. బుల్లెట్టూ అంతే. పొడుగు పెరిగేకొద్దీ ట్విస్ట్ అంకె తగ్గాలి.

గుర్తుపెట్టుకోండి, బరువు కాదు, పొడుగు. జనం బరువు చూసి బారెల్ కొంటారు, ఎందుకంటే డబ్బా మీద అచ్చయ్యేది బరువు. పొడుగు ఎవడూ అచ్చు వెయ్యడు. వెర్నియర్ కొలబద్ద పెట్టి మీరే కొలుచుకోవాలి.

బుల్లెట్ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు. ఎంత దూరం మోస్తావు? వరసగా ఎన్ని కాలుస్తావు? ఒకసారి ఇర్వింగ్ అనే ఊరి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు.

"అంకుల్, కార్బన్ నార చుట్టిన సన్న బారెల్ చూశా, అదే బెస్టా చెప్పండి, ఆర్డర్ పెట్టేస్తా."

"దేనికి బాబూ?"

"అడవి పందులకి అంకుల్. ఫ్రెండ్‌కి రాంచ్ ఉంది. గుంపుగా వస్తాయి, ఎన్ని వస్తే అన్ని కొట్టుడే."

"ఎంత దూరం నడుస్తావు?"

"నడవడం ఎందుకంకుల్, ట్రక్‌లోనే ఉంటాం."

"మరి కార్బన్ చుట్టిన సన్న బారెల్ ఎందుకడుగుతున్నావు?"

"చూడ్డానికి మస్తుంది అంకుల్."

పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు బారెల్‌ని చూస్తే ఎలా? సన్న బారెల్ కొండలెక్కేవాడికి, రోజంతా మోసి ఒక్కటి కాల్చేవాడికి. నాలుగైదు కాల్చేసరికి అది వేడెక్కి, గురి పక్కకి జరగడం మొదలవుతుంది. ట్రక్కులో కూర్చుని గుంపు మీద కాల్చేవాడికి లావు బారెల్ కావాలి. గొణుక్కుంటూనే లావుది కొన్నాడు. మరుసటేడు మంచి ముక్క ఒకటి చెప్పాడు: "అంకుల్, అగ్లీగా ఉంది గానీ ఒక్కటీ మిస్ కాలే."

గోడమీద పటం

వాల్ట్ పోయాక షాపు అతని కొడుకు రిక్ చేతికి వచ్చింది. రిక్ మెకానికల్ ఇంజనీరు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మిషన్ల సంగతి తెలిసినవాడు. పాత లేత్ మీద నేను రోజంతా చేసే సెట్టింగు పూటలో అయ్యేట్టు చేశాడు. కానీ వచ్చిన మొదటి వారంలోనే డిగ్రీ సర్టిఫికెట్టు పటం కట్టించి కౌంటరు వెనక తగిలించాడు. చెక్క గిన్నె యాష్‌ట్రేలా ఉందని తీయించేశాడు. గోడకి పెద్ద రాక్ పెట్టి బారెళ్ళు తెచ్చి వరసగా నిలబెట్టాడు. ఇంక అక్కడినుంచి కస్టమరుకి ఏం కావాలి అనేది పోయింది. రాక్‌లో ఏముంది అనేదే మిగిలింది.

అలాంటి బాసు మీకూ దొరుకుతాడు. తప్పించుకోలేరు. కానీ అతన్ని ఒక్కణ్ణే తిట్టి ఊరుకోలేను. ఐటీఐలో మా మాస్టారు, దేవుడిలాంటి మనిషి, మాకు మొదటి రోజే చెప్పారు: "డ్రాయింగులో ఏముంటే అది కొయ్యడం టర్నరు పని. ఆలోచించడం ఇంజనీరు పని." మా మంచికే చెప్పారు. ఫ్యాక్టరీలో ఉద్యోగం నిలబడాలంటే అలాగే ఉండాలి మరి. నేను ఆ మాటని సముద్రం దాటించి మిషిగన్ దాకా మోసుకొచ్చాను. పటం కట్టిన కాగితం కనిపిస్తే నా నోరు దానంతటదే మూతపడేది.

శ్వేత ఆర్డరు

శ్వేత మా ఫ్యామిలీ ఫ్రెండు ఉషగారి అమ్మాయి. ఇక్కడే మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగింది. ట్రాయ్‌లో కారు బ్రేకులు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. కాలేజీలో రూమ్‌మేట్ వాళ్ళింటికి వెళ్ళి వేట నేర్చుకుంది. వాళ్ళమ్మ ఎంత గోల చేసిందో చెప్పలేను. "బొమ్మలకొలువు పెట్టే ఇల్లండీ మాది! ఫ్రీజర్ తెరిస్తే పైన గోంగూర, కింద జింక!" అని ఫోనులో లక్ష్మితో వాపోయేది.

శ్వేత సరదాకి వేటాడే మనిషి కాదు. ఏడాదికి ఒక్క జింక. దాని మాంసం ఇంట్లో ఏడాదంతా వస్తుంది. దగ్గర నుంచి, కదలకుండా నిలబడిన దాన్ని, ఒక్క గుండుతో పడుతుందని నమ్మకం ఉంటేనే కాల్చేది. నమ్మకం లేకపోతే ఖాళీ చేతులతో ఇంటికొచ్చేది. పెద్ద పెద్ద వేటగాళ్ళలో కూడా ఆ నిగ్రహం నేను తక్కువ చూశాను.

ఆ జులైలో షాపుకి వచ్చి ఒక డబ్బా నా చేతిలో పెట్టింది.

"అంకుల్, మీరు చెప్పారు కదా, ఫస్ట్ బుల్లెట్ అని. తెచ్చాను. కాపర్. నాకు లెడ్ వద్దు, పాప కూడా తింటుంది కదా."

సీసం బుల్లెట్ తగిలితే చిన్న చిన్న తునకలుగా మాంసంలో కలుస్తుంది. శ్వేత కూతురికి అప్పుడు రెండేళ్ళు. అందుకే మొత్తం రాగితో చేసిన బుల్లెట్లు కొంది. ఆర్డరిచ్చిన రైఫిలు తేలికది, టూ ఫార్టీ త్రీ సైజు, జింకకి సరిగ్గా సరిపోయేది.

వెర్నియర్ పెట్టి కొలిచాను. పక్కన అదే బరువున్న సీసం బుల్లెట్ పెట్టాను. రెండూ తొంభై అయిదు గ్రెయిన్లే, బుల్లెట్ బరువు అందులోనే చెబుతారు. కానీ రాగి సీసం కన్నా తేలిక. అంత బరువు రావాలంటే పొడుగు పెరగాల్సిందే. రాగిది చిటికెనవేలి గోరంత ఎక్కువ పొడుగుంది. ఇంక ఆలోచించాల్సిందేమీ లేదు. ఎనిమిది ట్విస్ట్.

"సరే అమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. జాబ్ కార్డు మీద ఎనిమిది అని రాశాను.

మధ్యాహ్నం రిక్ కార్డు పట్టుకుని లేత్ దగ్గరికి వచ్చాడు.

"ఈ ఎనిమిది ఎవరు రాశారు?"

"నేనే. బుల్లెట్ పొడుగు."

"బరువెంత?"

"తొంభై అయిదు."

"తొంభై అయిదుకి పది చాలు. చార్టు చూడు."

"ఆ చార్టు సీసం బుల్లెట్లకి, రిక్. ఇది రాగి."

"ఎనిమిది బారెల్ ఆర్డరు పెడితే సీజను అయిపోయాక వస్తుంది. రాక్‌లో పదివి మూడున్నాయి." నేను ఇంకా నోరు తెరుస్తుండగానే నా భుజం తట్టాడు. "సత్యా, ఇక్కడ ఇంజనీరు ఎవరు?"

ఎర్ర పెన్నుతో ఎనిమిది కొట్టేసి పది వేశాడు. నేను రాక్ దగ్గరికి వెళ్ళి పది ట్విస్ట్ బారెల్ దింపుకుని లేత్‌కి బిగించాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పని అద్భుతంగా కుదిరింది. తూటా కూర్చునే చాంబరు అద్దంలా వచ్చింది. మర బిగింపులో వెంట్రుక పట్టే సందు లేదు. తప్పు బారెల్‌ని అంత చక్కగా బిగించినవాడు ఇంకోడు ఉండడు.

బొటనవేలు

షాపులో ఒక ఆచారం ఉంది. తయారైన ప్రతి రైఫిల్‌తో కస్టమరు తెచ్చిన బుల్లెట్లనే మూడు కాల్చి, ఆ టార్గెట్ కాగితం మీద చేసినవాడు సంతకం పెట్టి రైఫిలు కేసులో పెట్టాలి. శ్వేత తెచ్చినవి ఉత్త బుల్లెట్లు. మందు పోసి తూటాలుగా కట్టాలంటే ఒక రోజు పని. రిక్ షెల్ఫులోంచి సీసం తూటాల డబ్బా తీసి ఇచ్చాడు. "వీటితో కానిచ్చెయ్." కానిచ్చేశాను. సీసానికి పది ట్విస్ట్ చక్కగా సరిపోతుంది కదా, మూడు రంధ్రాలూ డైమ్ నాణెం కింద దాగిపోయాయి. కింద నా సంతకం పెట్టాను. శ్వేత ఆ కాగితం ఫోటో తీసి, "మేడ్ బై మై అంకుల్" అని అందరికీ పంపింది.

సెప్టెంబరులో నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. తనే ఇంట్లో కట్టుకున్న రాగి తూటాలతో యాభై గజాల్లో కాల్చిన టార్గెట్. కింద మెసేజ్: "అంకుల్, హోల్స్ రౌండ్‌గా లేవు. ఎగ్ షేప్‌లో ఉన్నాయి. ఇది ఓకేనా?"

ఓకే కాదు. రంధ్రం కోడిగుడ్డులా ఉందంటే బుల్లెట్ తిన్నగా రావడంలేదు, తూలుతోంది. వెచ్చటి గాలిలో, యాభై గజాల్లోనే అలా ఉంటే, చలికి గాలి చిక్కబడ్డాక, ఇంకా దూరంలో, అడ్డంగా తిరిగిపోతుంది. ఫోటో చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

రిక్‌కి చూపించాను. అతను ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. చెయ్యి అడ్డుపెట్టి, "కాగితం వదులుగా కట్టి ఉంటుంది. బాగానే ఉందని చెప్పు" అన్నాడు.

నేను ఒక్క మాట కూడా టైప్ చెయ్యలేదు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఉంటుంది కదా, అది పంపాను. అంతే. ఒక్క నొక్కు.

పిల్లలూ, నా పనిలో తప్పు కోతలు ఎన్నో కోశాను. అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే ముక్క పారేసి ఇంకోటి కోశాను. వాటిలో ఒక్కటీ నన్ను నిద్రలేపి కూర్చోబెట్టలేదు. ఆ బొటనవేలు కూర్చోబెట్టింది.

కౌంటరు దగ్గర

నవంబరులో సీజను మొదలైన తర్వాత వచ్చిన సోమవారం. శ్వేత రైఫిల్ కేసు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి. రిక్ కౌంటరు వెనక, పటం కింద. నేను వెనక గుమ్మంలో.

నూట నలభై గజాలట. కదలకుండా నిలబడిన చిన్న మగ జింకట. ఊపిరి బిగబట్టి, భుజం వెనక, గుండెకి గురిపెట్టి మెల్లగా నొక్కిందట. జింక వెనక కాళ్ళు కూలబడి, మళ్ళీ లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయిందట. మంచు మీద రక్తపు జాడ పట్టుకుని చీకటిపడే దాకా వెతికిందట. మర్నాడూ వెతికిందట. రక్తం కనిపించింది, జింక కనిపించలేదు.

రిక్ మెత్తగా, జాలిగా మాట్లాడాడు. ఆ జాలికే నాకు ఇప్పటికీ కోపం. "అందరికీ అవుతుంది. నొక్కేముందు భుజం జంకుతుంది. పెద్ద చప్పుడు కదా. చిన్నగా ఉండే ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువ." కేసులోంచి నా సంతకమున్న టార్గెట్ తీసి ముందు పెట్టాడు. "చూడు, రైఫిలు ఎలా కాలుస్తోందో. మూడూ ఒకే చోట."

శ్వేత ఆ కాగితం కేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"అంకుల్, నా తప్పేనా?"

తెలుగులో అడిగింది. రిక్‌కి తెలుగు రాదు. "కాదమ్మా" అన్న ఒక్క ముక్క చాలు. అతనికి తెలిసేది కూడా కాదు. నా ఉద్యోగం పోయేది కాదు. గోడమీద పటం అరిచేది కాదు.

"చూస్తానమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. "నేనింక కాల్చను. ఇది అమ్మేయండి" అని రిక్‌తో ఇంగ్లీషులో చెప్పి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది. కారు చాలాసేపు పార్కింగ్‌లోనే ఆగి ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. బయటికి వెళ్ళలేదు.

మూడు తూటాలు

కారు కదిలాక, శ్వేత కేసులో మిగిలిన రాగి తూటాలు మూడు తీసుకుని షాపు వెనక రేంజికి వెళ్ళాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వంద గజాల్లో కాగితం కట్టాను, బిగుతుగా, నాలుగు మూలలా. మూడూ కాల్చాను.

నడుచుకుంటూ వెళ్ళి చూశాను. ఒకటి కాగితం అంచున. ఒకటి జానెడు కింద. మూడోది ఇంకెక్కడో. మూడూ రంధ్రాలు కావు, చీలికలు. బుల్లెట్ పక్కకి పడుకుని తగిలిన ముద్ర, ముక్కు నుంచి మడమ దాకా, అచ్చు పోసినట్టు. మా పనిలో తాళంచెవి కన్నం అంటారు దాన్ని. శ్వేత చెయ్యి జంకలేదు. ఆ చోట దేవుడు కాల్చినా ఆ జింక కాలికే తగిలేది.

కాగితం తెచ్చి రిక్ ముందు పరిచాను. చూశాడు. అతనికి అర్థమైంది. ఇంజనీరు కదా, చీలిక చూస్తే తెలుస్తుంది. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత కాగితం మడిచి చెత్తబుట్టలో వేశాడు.

"ఆమె అమ్మేయమంది కదా. అయిపోయింది. సీసం వాడేవాడికి అమ్ముదాం."

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పు."

"ఏం చెప్పాలి? మమ్మల్ని కోర్టుకి లాగమనా?"

చెత్తబుట్టలోంచి కాగితం తీసుకున్నాను. రైఫిలు పట్టుకెళ్ళి బారెల్ విప్పేశాను. రంపం మిషను మీద పెట్టి మూడు ముక్కలు కోశాను. రిక్ పరిగెత్తుకొచ్చి అరుస్తున్నాడు. రంపం చప్పుడులో ఏమీ వినపడలేదు, వినాలనీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ బారెల్ ఏ పాపమూ ఎరగదు. సీసానికి బంగారంలాంటి బారెల్. పైగా అది కస్టమరు సొత్తు, కోసే హక్కు నాకు లేదు. కోపం వస్తే నోరు వాడాల్సిన చోట రంపం వాడాను. అదీ నా బతుకు.

ఆ మధ్యాహ్నమే రిటైర్ అయ్యాను. కేకు లేదు, శాలువా లేదు. మూతి వైపు ముక్క, నాలుగు వేళ్ళంతది, జేబులో వేసుకుని వచ్చేశాను. ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

రెండు లైన్ల లెక్క

ఇంటికొచ్చి లక్ష్మికి అంతా చెప్పాను. జులై సంగతీ, బొటనవేలూ, అన్నీ. ఆవిడ ఏడవలేదు, ఓదార్చలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నేను చెబితే ఎవరు వింటారే? చదువు లేదు."

"డిగ్రీ లేకపోతే నోరు కూడా ఉండదా?"

జవాబు బదులు జనవరిలో కమ్యూనిటీ కాలేజీలో చేరాను. మనవల వయసు పిల్లల పక్కన కూర్చుని ఆల్జీబ్రా చదివాను. రెండుసార్లు తప్పాను. తర్వాత యూనివర్సిటీకి మారాను. డిగ్రీ వచ్చాక శ్వేతకి ఫోన్ చేస్తాను, అప్పుడు నా మాటకి బరువుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ భయమే. చొక్కా మార్చుకున్న భయం.

ఈలోగా గుళ్ళో, పెళ్ళిళ్ళలో శ్వేత కనిపిస్తూనే ఉంది. "బాగున్నారా అంకుల్" అంటుంది, ఎప్పటిలాగే మర్యాదగా. ఒకసారి గుళ్ళో ఉషగారు నా పళ్ళెంలో పులిహోర వడ్డిస్తూ, "మంచిదే అయిందండీ, ఆ వేట మానేసింది. చేతకాదని దానికే తెలిసొచ్చింది" అని నవ్వింది. శ్వేత పక్కనే ఉంది. తల వంచుకుని పాప మూతి తుడుస్తోంది. నేను పళ్ళెం కింద పెట్టేశాను. అయినా నోరు విప్పలేదు.

నా ఆఖరి ప్రాజెక్టు దేనిమీదో మీరు ఊహించే ఉంటారు. బుల్లెట్ పొడుగు, ట్విస్ట్. ప్రొఫెసరమ్మ ఆ సూత్రం చూపించిన రోజు క్లాసులోనే శ్వేత బుల్లెట్ కొలత వేసి లెక్క కట్టాను. రెండు లైన్లు. కాలిక్యులేటరుతో నిమిషం. పది ట్విస్ట్ చాలదు అని వచ్చింది. రిక్ గోడమీద అంత పటం పెట్టుకుని ఆ నిమిషం ఖర్చుపెట్టలేదు. కోపంతో నొక్కితే పెన్సిలు విరిగింది. ప్రొఫెసరమ్మ కంగారుపడి, "ఆర్ యూ ఓకే, సర్?" అంది. నాలుగు దశాబ్దాలు లేత్ దగ్గర నిలబడ్డాక నన్ను సర్ అన్న మొదటి మనిషి ఆవిడ. దానికే ఏడుపొచ్చింది.

కానీ ఒకటి వినండి. ఆ సూత్రం నాకు కొత్తగా చెప్పింది ఏమీ లేదు. వెర్నియర్ ముందే చెప్పింది. డిగ్రీ మంచిదే, సంతోషంతో ఎగిరి గంతేస్తున్నాను, మీరూ తెచ్చుకోండి. కానీ చేతిలో కొలత సరిగ్గా ఉన్నప్పుడు నోరు తెరవడానికి దానికోసం ఆగకండి. కార్డు మీద మీ అంకె ఎవరైనా కొట్టేస్తే, కస్టమరుకి ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఉద్యోగం పోతే ఇంకో షాపు దొరుకుతుంది. కస్టమరుది కాని బుల్లెట్‌తో కాల్చిన టార్గెట్ మీద సంతకం పెట్టకండి. నేను పెట్టాను.

ఇది రాస్తూ పక్కన ఫోన్ల లిస్టు కూడా రాసుకున్నాను. శ్వేత పేరు అట్టడుగున రాశాను. లక్ష్మి కాఫీ గ్లాసు పెట్టడానికి వచ్చి లిస్టు చూసింది. "ఇదెందుకు కిందుంది?" అని పెన్ను లాక్కుని కొట్టేసి, పైన రాసి వెళ్ళింది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు:

శ్వేత. పాసయ్యానని ముందు చెప్పకూడదు. ముందు జులై, తర్వాత బొటనవేలు, తర్వాత మూడు చీలికలు. కాగితం నా దగ్గరే ఉంది, తెచ్చి చూపిస్తాను అనాలి. తిడితే వినాలి.

అక్క. పొద్దున చేస్తే ఎత్తలేదు, వాకింగ్‌లో ఉండి ఉంటుంది.

ఐటీఐ మాస్టారు. తొంభై దాటాయి, మనవరాలే ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాలి. డిగ్రీ వచ్చింది సార్ అని గట్టిగా చెప్పాలి. టర్నరు కూడా ఆలోచించాలి సార్ అని ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇర్వింగ్ పందుల అబ్బాయి.

రిక్. చేస్తానో లేదో. చేస్తే, ఆ చెక్క గిన్నె ఎక్కడుందని అడగాలి.

ఉషగారు. శ్వేతతో మాట్లాడాక, ఆ అమ్మాయి సరేనంటేనే. చేతకానిది మీ అమ్మాయికి కాదండీ, నాకు.